దాపల కట్టవలసిన ఎర్రలైటు

సహోదరులారా, సహోదరీలారా, సాక్ష్యం చెప్పమని మా పాస్టరుగారు మూడు ఆదివారాలు అడిగితే మూడు ఆదివారాలూ నేను ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను, ఎందుకంటే సాక్ష్యం అనగానే ఒకరు క్యాన్సరు అంటారు, ఒకరు సారాయి అంటారు, ఒకరు అప్పు అంటారు, విన్నవాళ్ళు అయ్యో పాపమని కళ్ళు తుడుచుకుంటారు, నా రోగం పేరు చెబితే మాత్రం మా ఇంటివాళ్ళే నవ్వుతారు. నా రోగం పేరు ‘నేను చెప్పిందే కరెక్టు’. దానికి ఏ మందుల షాపులోనూ మాత్ర లేదు. ముప్ఫై ఏళ్ళు ఆ రోగంతో బతికి, దానివల్ల ఒక మంచి మనిషిని మళ్ళీ సారాయి సీసా ముందుకు నెట్టి, ఆఖరి గంటలో దేవుడు నా జుట్టు పట్టి లాగితే బయటపడిన దాన్ని నేను. ఆయనకే మహిమ.

నా పేరు శాంతమ్మ. శాంతం పేరులో ఉందే గాని మనిషిలో లేదని మా ఆయన పెళ్ళైన మొదటి వారంలోనే కనిపెట్టాడు. ఆయన శివకాశి ఫ్యాక్టరీలకు కూలివాళ్ళను తీసుకుపోయే వ్యాను తోలుతాడు, నేను కోవిల్‌పట్టిలో కాలిపోయిన మోటార్లకు కాయిల్ చుట్టే షాపు నడుపుతాను, ఆ పని మా మామగారి దగ్గర నేర్చుకున్నాను. పుట్టిల్లు కయత్తారు పక్కన ఒక పల్లె, వానకు పండే చేలు, మా నాయన బతికినంతకాలం ఎద్దులతోనే దున్నాడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నాకు తెలుగు మాట్లాడడమే వచ్చు, రాయడం రాదు, అందుకని నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. అది నెల్లూరు పిల్ల, నేనొకటి చెబితే అందంగా ఇంకొకటి రాస్తుంది, కోపంగా చెప్పినచోట కోపంగానే రాయమని ముందే గట్టిగా చెప్పి పెట్టాను.

మా చెల్లెలు రూతును తూత్తుకుడికి ఉత్తరంగా ఉన్న ఒక సముద్రపు ఊరికి ఇచ్చాం. దాని మొగుడు అంతోణి తమిళవాడు, ఫైబరు పడవ మీద రాత్రిళ్ళు వలకు పోతాడు. నాకు కోపం మొదలైంది ఆ ఊరి ఒడ్డునే. ఒకసారి చెల్లెలిని చూడ్డానికి పోయి, సాయంకాలం దానితోపాటు ఇసుకలో నిలబడి పడవలు బయలుదేరడం చూశాను. పొద్దు కుంకింది, చీకటి పడింది, ఒక్కొక్క పడవా పోతోంది, లైటు వెలిగించినవాళ్ళు పదిమందిలో ఇద్దరు కూడా లేరు. ఎందుకు వెలిగించరని అడిగితే ఒకడు బ్యాటరీ అయిపోతుందన్నాడు, ఒకడు తాను ఎక్కడ వల వేస్తున్నాడో పక్కవాడికి తెలిసిపోతుందన్నాడు. ఇంకొకడు తిరునాళ్ళకు కట్టే సీరియల్ బల్బులు ఎరుపు నీలం పచ్చ అన్నీ కలిపి పడవ చుట్టూ చుట్టి మిణుకు మిణుకుమనిపిస్తున్నాడు, అది పడవో పెళ్ళిపందిరో దేవుడికే తెలియాలి. మరొకడు పెద్ద ఎల్ఈడీ దీపం ముందుకు కట్టి ఎదురొచ్చేవాడి కళ్ళలో కొడుతున్నాడు. అందరికంటే నన్ను మండించినవాడు ఒక విశ్వాసి, తెల్లచొక్కా వేసుకుని, దేవుడే మాకు వెలుగు కదా అక్కా అన్నాడు.

నేను ఊరుకుంటానా? “ఆయన నీకు వెలుగేనయ్యా, ఎదురుగా వచ్చే పడవవాడికి నువ్వు కనబడొద్దా” అని అందరి ముందరా కడిగేశాను. ఆ రోజు నుంచి ఆ ఊరికి పోయినప్పుడల్లా అదే పాట. లైట్లక్క వచ్చిందిరా అని నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ, మా చెల్లెలు తెల్లవారేదాకా నిద్రపోకుండా చెవులు రిక్కించుకుని ఇంజను చప్పుడు కోసం కాచుకునేది నేను చూశాను, నాకు నవ్వు రాలేదు.

ఆ ఊళ్ళో నా మాటకు తల ఊపినవాడు ఒక్కడే, సూసై. ఒకప్పుడు ఆ ఒడ్డంతటికీ పేరుమోసిన తాగుబోతు. ఎనిమిదేళ్ళ క్రితం ప్రభువును తెలుసుకుని సీసా వదిలేశాడు, భార్య ఫిలోమినా మళ్ళీ తాళిబొట్టు కళ్ళకద్దుకుంది, ఇద్దరూ కలిసి గుడిలో సాక్ష్యం చెబితే ఏడవనివాళ్ళు లేరట. పడవల లైట్ల గురించి ఏదో శిక్షణ పెడితే ఊరంతా టిఫిను తిని వచ్చేసింది, సూసై ఒక్కడే చివరిదాకా కూర్చుని నేర్చుకుని, సరైన లైట్లు కొని తన పడవకు పెట్టుకున్నాడు. నాకు ఆ సంగతులన్నీ చెప్పింది ఆయనే. పడవకు ఎడమపక్క ఎరుపు, కుడిపక్క పచ్చ, వెనక తెలుపు. రాత్రి రెండు పడవలు అడ్డంగా దాటుకునేటప్పుడు ఎదుటి పడవ ఎర్రలైటు మనకు కనబడితే మనం తగ్గి దానికి దారివ్వాలి. పచ్చలైటు కనబడితే మనం మన దారిన పోవచ్చు, వాడు తగ్గుతాడు. రెండూ ఒకేసారి కనబడితే ఎదురెదురుగా వస్తున్నట్టు, ఇద్దరూ కుడికి తిప్పుకోవాలి. “ఎడమ అంటే అక్కా, పడవలో” అని ఆయన ఇంకేదో చెప్పబోయాడు. తెలుసులే అన్నాను. నాకు ఎడమ ఏదో కుడి ఏదో ఒకరు చెప్పాలా? ఇరవై ఏళ్ళుగా మోటార్లు విప్పి బిగించే దాన్ని.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అంటారే, ఆ కుందేలు నా ఒళ్ళోనే పెరిగింది సహోదరులారా.

అంతోణి పడవకు నేనే లైట్లు కడతానన్నాను. షాపులో కూర్చుని రెండు డబ్బాలు చేశాను, ఒకదానిలో ఎరుపు, ఒకదానిలో పచ్చ, వెలుగు ముందుకూ తన పక్కకూ మాత్రమే పోయేట్టు రేకులు అడ్డం పెట్టాను, తడి చేరకుండా మైనం పూశాను, పని మాత్రం ముచ్చటగా వచ్చింది. నాయన పోయాక మా ఇంట్లోనే ఉంటున్న మా అమ్మనూ, కోడలినీ వెంటబెట్టుకుని బస్సెక్కి పోయాను. పడవ ఒడ్డున ఇసుకలోకి లాగి ఉంది, మూతి మావైపు. నేను మూతికి ఎదురుగా స్టూలు వేసుకుని నిలబడ్డాను. మా అమ్మ వల కుప్ప మీద కూర్చుని ఆకువక్క నములుతోంది. అంతోణి ఎడమ ఎరుపు, కుడి పచ్చ అని తమిళంలో అంటుంటే విన్నది.

“ఎర్రది దాపల కట్టు మే, పచ్చది వలపల” అంది.

దాపల, వలపల అంటే మా పల్లెల్లో కాడికి కట్టిన జత ఎద్దుల మాట. ఎడమపక్కది దాపటెద్దు, కుడిపక్కది వలపటెద్దు. నాకు సిగ్గేసింది, చుట్టూ తమిళవాళ్ళు, మా అమ్మ చూస్తే పడవ దగ్గర మడక మాటలు, నాగలి మాటలు మాట్లాడుతోంది.

“ఇదేమన్నా మడకనామ్మా, దాపల వలపల అనేదానికి? లోకమంతా లెఫ్టు రైటు అంటా ఉండాది. నీ కాలం మాటలు నీతోనే పెట్టుకో.”

“నీ లెఫ్టు నువ్వు తిరిగితే తిరుగుతాది మే. దాపల తిరగదు” అంది ఆమె. ముసలావిడ నోటికొచ్చింది అంటోందని నేను వినిపించుకోలేదు. నా ఎడమచేతి పక్క ఎరుపు బిగించాను, నా కుడిచేతి పక్క పచ్చ బిగించాను. స్విచ్చు వేస్తే రెండూ తళతళా వెలిగాయి. నేను పడవ మూతి దగ్గర నవ్వుతూ నిలబడితే కోడలు ఫోటో తీసింది. అంతోణి వెనక ఇంజను దగ్గర కూర్చునేవాడు, అక్కడినుంచి ఆయనకు డబ్బాల వీపులే కనబడతాయి, రంగు కనబడదు. అక్క కట్టింది కదా అని ఆ రాత్రే వలకు పోయాడు.

మరునాడు పొద్దున్నే రూతు ఫోను చేసింది. అంతోణి పడవా సూసై పడవా చీకట్లో గుద్దుకున్నాయి. అంతోణికి దెబ్బ తగల్లేదు, ముందువైపు పగిలి లైటు డబ్బాలు రెండూ సముద్రంలో పడిపోయాయి. సూసై కుడిచెయ్యి రెండు పడవల మధ్య నలిగి తూత్తుకుడిలో ఆసుపత్రిలో పడుకోబెట్టారు. నాకు పచ్చలైటు కనబడింది, అందుకే పోయాను అని సూసై అంటున్నాడట. సూసైకి ఎదురుగా ఉన్నది నా ఎడమపక్క, అక్కడ ఉన్నది ఎర్రలైటే, నేను ప్రమాణం చేస్తాను అని అంతోణి అంటున్నాడట.

“ఊళ్ళో అందరూ సూసైయన్న మళ్ళా తాగినాడనే చెప్తా ఉండారక్కా. ఎరుపును పోయి పచ్చ అంటా ఉండాడే, ఇంకేం అనుకుంటారు? శాంతక్క కట్టిన లైటు తప్పుతాదా అంటా ఉండారు” అంది రూతు.

అప్పుడు నేనేమన్నానో చెప్పకుండా దాటేయొచ్చు, కోడలు కూడా దాటేద్దాం అత్తమ్మా అంది, కానీ సాక్ష్యం అంటే సాక్ష్యమే. “తాగే ఉంటాడు. కుక్క తోక వంకర ఎక్కడికి పోతాది” అన్నాను. రూతు ఫోను స్పీకరులో పెట్టుకుని ఉంది. వాకిట్లో నలుగురు విన్నారు. సాయంకాలానికి ఆ మాట ఊరంతా తిరిగింది, లైట్లక్కే చెప్పింది, ఆమెకంటే ఎవరికి తెలుసు అని.

మూడో రోజు రాత్రి మా అమ్మ అంతోణి పడవ ఎంత పగిలిందో చూపించమంది. పగిలిన పడవ ఫోటో నా ఫోనులో లేదు, నేను నవ్వుతూ నిలబడిన ఫోటోనే ఉంది. అదే చూపించాను. ఆమె ఫోనును చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది.

“ఏం మే, ఎర్రది వలపల ఉండాది కదా” అంది.

నేను ఫోను లాక్కున్నాను. చూశాను.  మా నాయన మడక కట్టేటప్పుడు నేను చిన్నపిల్లను, ఎద్దులకు ఎదురుగా పలుపు పట్టుకుని నిలబడేదాన్ని. అప్పుడు దాపటెద్దు నా కుడిచేతి పక్కనే ఉండేది, అయినా దాన్ని ఎవరూ వలపటిది అనలేదు, ఎందుకంటే ఆ మాట చూసేవాడి చేతిది కాదు, కాడిది. ముందు నిలబడి చూడు, వెనక నిలబడి చూడు, అది మారదు. పడవకు కూడా అంతే, వెనక కూర్చుని ముందుకు చూసేవాడి ఎడమే పడవకు ఎడమ. ఆ రోజు సూసై చెప్పబోయిందీ, నేను తెలుసులే అని తుంచేసిందీ ఇదే. నేను పడవకు ఎదురుగా నిలబడి నా చేతుల లెక్కన కట్టాను, రెండూ తారుమారు. అంతోణి ఎడమపక్క వెలిగింది పచ్చ. సూసైకి పచ్చే కనబడింది. అంతోణికి కూడా సూసై పడవ కుడిపక్క పచ్చే కనబడింది, అది సరిగ్గా పెట్టిన పచ్చ. ఇద్దరికీ పచ్చ, ఇద్దరూ ఎదుటివాడు తగ్గుతాడనుకున్నారు. లైటు లేకుండా తిరిగే వాళ్ళంతా బాగున్నారు, లైటు చదవడం నేర్చుకుని దాన్ని నమ్మిన ఒక్కడి చెయ్యి నలిగిపోయింది.

“నేను చెప్పినానే” అంది అమ్మ. 

ఇక్కడినుంచి తొమ్మిది రోజులు నా చీకటికాలం. తేలు కుట్టిన దొంగలా ఉన్నాను, అరవడానికి లేదు, ఓర్చుకోవడానికి లేదు. షాపులో తీగ చుడుతూ చుట్ల లెక్క మరిచిపోయేదాన్ని. చెబితే ఏమవుతుంది అని ఒకసారి, చెబితే ఇక నన్నెవరు నమ్ముతారు అని పదిసార్లు. ఎనిమిదేళ్ళ ముందు ఆ సూసైకి మంచిపేరెక్కడుంది, కొత్తగా పోయిందేముంది అని కూడా ఒకసారి అనుకున్నాను, ఆ ఆలోచన నా బుర్రలోకి వచ్చిందని చెప్పడానికి ఇప్పటికీ నోరు రావడం లేదు. మోకాళ్ళూనితే వచ్చిన ప్రార్థన ఇది: “ప్రభువా, సూసై చెయ్యి బాగుచెయ్యి, ఊరివాళ్ళ నోళ్ళు మూయించు, నువ్వు తలుచుకుంటే ఎంతసేపు, ఆ లైటు సంగతి మాత్రం నువ్వూ నేనూ మా యమ్మా ముగ్గురమే పెట్టుకుందాం.” రెండు పూటలు ఉపవాసం కూడా ఉన్నాను. దేవుడు పలకలేదు. ఆయన మీద కూడా నాకు విసుగొచ్చింది, ఇంత మొత్తుకుంటున్నా ఒక్క దారి చూపించడే అని. చూపించిన దారి మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నది నేనే. ఆ ఆదివారం పాస్టరుగారు, కుడి ఏదో ఎడమ ఏదో తెలియని ఒక పట్టణపు జనం మీద దేవుడు జాలిపడిన సంగతి ఎత్తుకున్నారు, ఆయనకు ఎవరో చెప్పారనుకుని నేను నీళ్ళు తాగొస్తానని లేచి బయటికి పోయాను.

తొమ్మిదో రోజు రూతు మళ్ళీ ఫోను చేసింది. ఈసారి ఏడుస్తోంది.

“ఫిలోమినాక్క పుట్టింటికి పోయేసిందక్కా. ఒక్క మాట నిజం చెప్పు, తాగినావా లేదా అని అడిగి అడిగి, ఈన లేదు లేదంటే నమ్మక పోయేసింది. సూసైయన్న కంటి డాక్టరు దగ్గరికి పోయి నా కళ్ళలో ఏమన్నా రంగు తెలియని జబ్బు ఉండాదా చూడండి అన్నాడంట. డాక్టరు ఏమీ లేదన్నాడు. నిన్నటినుంచి తలుపు తీయలా. ఎవుర్నీ లోపలికి రానీలా.”

నేను ఫోను పెట్టేసి చూస్తే మా అమ్మ చీర మార్చుకుని, సంచి చంకలో పెట్టుకుని, చెప్పులు వేసుకుంటోంది. ఎక్కడికమ్మా అన్నాను. “నువ్వు రాకపోతే పో. నేను పోయి చెప్తా. నాకు తమిళం రాదా ఏంది” అంది. డెబ్బై అయిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, రెండు బస్సులు మారాలి. ఆ చెప్పుల్లో కాలు దూరక ఆమె తంటాలు పడుతుంటే చూసి నా గర్వం అక్కడ విరిగింది సహోదరులారా, ఏ ప్రసంగానికీ విరగనిది. షాపు తలుపు దించి ఆమెతో బయలుదేరాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ప్రార్థించాను. “ప్రభువా, నాది తప్పు.” అంతే, ఇంకో మాట రాలేదు. ముప్ఫై ఏళ్ళలో నా ప్రార్థనల్లో ఆ మాట అదే మొదటిసారి.

సూసై ఇంటికి పోయేసరికి మధ్యాహ్నం. తలుపు కొట్టి కొట్టి, మా అమ్మ కూడా కొట్టి, ఇద్దరం మాట్లాడుకుంటుంటే తెలుగు విని, రూతు పుట్టింటివాళ్ళు కదా అని సూసై తలుపు తీశాడు. చెయ్యి మోచేతిదాకా కట్టు. గదిలో చాప, చాప ముందర సీసా. మూత తీయలేదు. నా చూపు దానిమీద పడడం చూసి ఆయన దాచలేదు. ఆయన తమిళంలో అన్నది నేను తెలుగులో చెబుతున్నాను. “పొద్దున కిటికీలోంచి తెప్పించుకున్నానక్కా. ఎట్లాగూ తాగానంటున్నారు, తాగితే వాళ్ళ మాటయినా నిజమవుతుంది. ఒంటిచేత్తో మూత తిప్పలేకపోయాను. పళ్ళతో తీద్దామనుకుంటుంటే మీరు తలుపు కొట్టారు.”

 చాప పక్కన కింద కూర్చుని, ఫోను తీసి ఆ ఫోటో చూపించి, నీ కళ్ళు బాగున్నాయి సూసై, నీకు కనబడింది పచ్చే, తారుమారుగా కట్టింది నేను, తెలిసి తొమ్మిది రోజులు నోరు మూసుకున్నది నేను అని చెప్పాను. తిడతాడనుకున్నాను. కొట్టినా సరే అనుకున్నాను. ఆయన ఆ ఫోటోను అట్లాగే చూస్తూ, పచ్చే కదా, పచ్చే కదా అని నాలుగైదుసార్లు అని, కట్టు కట్టిన చేతిని ముఖానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మా అమ్మ ఆయన వీపు నిమురుతూ ఉండిపోయింది.

పని అయిపోయింది, ఇక చాటుగా బస్సెక్కి ఇంటికి పోవచ్చు అని నాలో ఇంకా ఒక దొంగ ఆశ. సూసై ముఖం తుడుచుకుని, “నాకు చెబితే ఏం లాభమక్కా? నాకు నేను తాగలేదని తెలుసు. ఊరికి చెప్పండి. ఫిలోమినాకు చెప్పండి” అన్నాడు.

ఆ రాత్రి రూతు ఇంట్లో ఉండి, తెల్లవారి చేపలు వేలం వేసే పాకలోకి పోయాను. ఆ వేళకు ఊరంతా అక్కడే ఉంటుంది. అంతోణికి రాత్రే చెప్పాను. పాక మధ్యలో నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సగంమందికి అర్థం కాలేదు, ఎడమ అయితే ఎడమే కదా, ఎట్లా తప్పుతుంది అన్నారు. అప్పుడు మా అమ్మ లేచింది. అంతోణినీ, ఇంకొకడినీ పక్కపక్కన నిలబెట్టి ఒక వెదురు బొంగు ఇద్దరి భుజాల మీద కాడిలాగా పెట్టింది. తనకొచ్చిన తమిళంలో, “వీడు దాపటెద్దు, వీడు వలపటెద్దు. నేను ఈపక్క నిలబడితే వీడు ఏది? ఇటు వచ్చి నిలబడితే వీడు ఏది?” అని ముందుకూ వెనక్కూ కుంటుకుంటూ తిరిగి చూపించింది. ఎద్దులయ్యారురా అని మొదట నవ్వారు. తరవాత ఒక్కొక్కరూ నవ్వు ఆపారు, ఎందుకంటే అర్థమైంది, అర్థమైనవాడికల్లా తాను సూసై గురించి అన్న మాట గుర్తొచ్చింది. తెల్లచొక్కా విశ్వాసి తలొంచుకుని పక్కకు పోయాడు. అందరికంటే ఎక్కువగా తలొంచుకోవలసింది నేను, నిలబడే ఉన్నాను.

ఆ పగలే రూతునూ మా అమ్మనూ తీసుకుని ఫిలోమినా పుట్టింటికి పోయాం. ఆమె వాకిట్లోకి వచ్చి అంతా విని, నన్ను లోపలికి రమ్మనలేదు, నీళ్ళివ్వలేదు. “ఎనిమిదేళ్ళు ఒకరోజు కూడా ఆయన నోరు వాసన చూడకుండా నిద్రపోయాను. పడవలు గుద్దుకున్నాక, ఇల్లు వదిలి వచ్చేదాకా మళ్ళీ చూశాను. అది మీవల్ల” అంది. అది చాలు, అంతకంటే ఎక్కువ నేను అడగలేను. మూడోరోజు ఆమె తన ఇంటికి పోయిందని రూతు చెప్పింది. ఆ సీసాను ఏం చేశారో నేను అడగలేదు, మూత తీయలేదన్నది మాత్రం తెలుసు.

అన్నీ చక్కబడ్డాయని నేను చెప్పను, సాక్ష్యంలో అబద్ధమెందుకు. సూసై రెండు వేళ్ళు ఇప్పటికీ వంగవు. అంతోణి నాతో మాట్లాడడానికి నెల పట్టింది. నా నోరు పూర్తిగా మారిపోయిందనీ చెప్పను, మా కోడలు ఇక్కడే ఉంది, నవ్వుతుంది. కానీ ఆ ఒడ్డున ఇప్పుడు లైట్లు వెలుగుతున్నాయి. ఇంకా వెలిగించనివాళ్ళున్నారు, వాళ్ళ గురించి నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, కాబట్టి దేవుని బిడ్డలారా, మీలో పడవలు నడిపేవాళ్ళు ఉంటే వినండి. పొద్దు కుంకకముందే లైట్లు వేసి, పడవ దిగి, ముందుకు పోయి, పక్కలకు పోయి, ఎదుటివాడి కంటితో చూడండి, వెనక కూర్చుని చూస్తే నాలాగే మోసపోతారు. వల ఆరేసి లైటు మీద కప్పకండి. లంగరు వేసి ఆగితే రంగు లైట్లు ఆర్పి, అన్నివైపులకూ కనబడేట్టు ఒక్క తెల్లలైటు పైకి కట్టండి. మెరుపు బల్బులు తిరునాళ్ళకు దాచుకోండి. పడవ లైటు మనకు దారి చూపే దీపం కాదు, మనం ఎటు పోతున్నామో ఎదుటివాడికి చెప్పేది. ప్రార్థన చేయండి, చేసి స్విచ్చు వేయండి.

క్రితం నెల సూసై మా షాపుకు వచ్చాడు. కోవిల్‌పట్టిలో బస్సు దిగి అడుగుతూ అడుగుతూ వచ్చాడట. సంచిలోంచి రెండు లైటు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టాడు, ఆయన పడవవి, ఆ రాత్రి దెబ్బకు పగిలినవి. కొత్తగా చేసి, వచ్చి కట్టిపెట్టమన్నాడు. నేను ఆ డబ్బాలను ఆయన వైపే తోశాను. తూత్తుకుడిలో మంచి షాపులున్నాయి, అక్కడికి పో సూసై, నన్నెట్లా నమ్ముతావు అన్నాను.

“అప్పుడు మీకు అన్నీ తెలుసక్కా. ఇప్పుడు అడుగుతారు” అన్నాడు.

సహోదరులారా, తప్పు చేసిన చేతికే మళ్ళీ పని ఇచ్చే దేవుణ్ణి నేను కొలుస్తున్నాను, సూసై నోట ఆయనే మాట్లాడాడని నేను నమ్ముతున్నాను. మీలో ఎవరైనా ఏదైనా తారుమారుగా కట్టి, తెలిసి, నోరు మూసుకుని ఉంటే, మీ మౌనానికి ఎక్కడో ఒక మనిషి తలుపు వేసుకుని కూర్చుని ఉంటాడు, ఆలస్యం చేయకండి, ఈ రోజే బస్సెక్కండి. దేవుడు మిమ్మల్ని తోసేయడు, నన్నే తోసేయలేదు. ఆ డబ్బాలు చేశాను. పోయిన శనివారం ఆ ఒడ్డుకు పోయి, పడవలో వెనక ఇంజను దగ్గర కూర్చుని, ముందుకు చూస్తూ, సూసైని అడిగాను, ఎరుపు ఏ పక్కనయ్యా అని. ఆయన వంగని వేళ్ళతో చూపించాడు. అక్కడ కట్టాను.